సారా కొట్టు నుండి కూరమడి దాకా

 

ఉదయగిరి కొండ దిగువన, ఆత్మకూరు చుట్టుపట్ల ఉన్న మెట్ట గ్రామాలలో కూరగాయల మడులు వేసుకోండని చెప్పడం సులభం. నేనూ చెప్పాను. ఒక ఊళ్ళో ఇంటింటికీ విత్తనాల పొట్లాలు పంచి వచ్చాను. రెండు నెలల తర్వాత వెళ్ళి చూస్తే ఒక్క మడిలోనూ పచ్చదనం లేదు. కొన్ని మేకల పాలైనవి, కొన్ని నీరు లేక ఎండినవి. తప్పు విత్తనానిది కాదు, ఊరివారిదీ కాదు. నీళ్ళెవరు పోస్తారు, కంపెవరు కడతారు అని నేను ఎవరినీ అడగలేదు. తోటకు ముందు మనుషుల మధ్య పొత్తు కుదరాలని అప్పుడు తెలిసివచ్చింది. ఆ పొత్తు మన ప్రాంతంలో ఎట్లా కుదిరిందో నేడు ముచ్చటించుకుందాం.

నెల్లూరు అనగానే బయటివారికి వరిచేలు, మొలగొలుకుల బియ్యం గుర్తుకు వస్తాయి. 1855లో నెల్లూరు వద్ద పెన్నకు ఆనకట్ట కట్టారు. తర్వాత సంగం వద్ద మరొకటి వచ్చింది. అయితే ఆ నీరు తూర్పుకే పారింది. పడమటి మెట్టకు వాన, చెరువు, బావి, ఇవే దిక్కు. సోమశిల జలాశయం వచ్చాక ఆత్మకూరు వైపు కొన్ని ఊళ్ళకు కాలువ నీరు అందింది గాని, ఉదయగిరి వైపు ఇంకా మబ్బు వంక చూసేవారే ఎక్కువ. వాన తప్పిన ఏడు కూలి డబ్బే కూడు.

1983లో ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వసాగింది. మేలైన పనే. కాని ఆ రెండు రూపాయలు ఇల్లు చేరాలి కదా? మగవాడి కూలి దారిలోనే సారా కొట్టు దగ్గర ఆగిపోయేది. చౌక డిపోలో బియ్యం ఉన్నా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఆహారం ఊరికి చేరడం వేరు, కంచంలోకి చేరడం వేరు. ఈ తేడాను మన ఆడవారు ఏ పుస్తకమూ చదవకముందే ఎరుగుదురు.

తర్వాత పుస్తకమూ వచ్చింది. 1991 నాటికి జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం ఊరూరా సాగింది. పగలంతా కూలి చేసిన తల్లులు రాత్రి దీపం కింద కూర్చుని అక్షరాలు దిద్దారు. సారా కొట్టును మూయించిన ఆడవారి కథ కూడా వారి పాఠాలలో ఉంది. కథ చదివినవారు ఊరుకోలేదు. ఉదయగిరికి తూర్పున కలిగిరి మండలంలోని దూబగుంటలో 1992లో ఆడవారు సారాను ఊళ్ళోకి రానివ్వలేదు. ఆ ఊరి రోశమ్మగారి పేరు రాష్ట్రమంతటా మారుమోగింది. 1993 ఏప్రిల్ 15న జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటాను సారాను నిషేధించారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లో సడలిపోయింది.

చట్టం సడలింది గాని పొత్తు సడలలేదు. ఇది గమనించదగ్గ సంగతి. సారాకు పోయే డబ్బులో రోజుకు ఒక రూపాయి దాచుకుందామని మన జిల్లా ఆడవారు పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. రోజుకు రూపాయి అంటే నెలకు ముప్పయి. ఒక్కరికైతే అది చిల్లర. ఊరంతటికీ అయితే మూలధనం. ఆ బాటలోనే 2000 తర్వాత వెలుగు పథకం కింద గ్రామ సంఘాలు ఏర్పడినవి. సభ్యులకు కావలసిన బియ్యం ఎంతో ముందే లెక్కకట్టి, ఒకేసారి టోకున కొని, అరువుగా ఇచ్చి, వాయిదాలలో వసూలు చేసే పద్ధతి రాష్ట్రంలో చాలా గ్రామ సంఘాలు నడిపినవి. షావుకారు తూకమూ, వడ్డీ బాధా రెండూ తప్పినవి. 2003 నుండి బడిలో మధ్యాహ్న భోజనం వండే పని కూడా ఎక్కువగా ఈ సంఘాల చేతికే వచ్చింది. 2016లో మొదలైన ప్రకృతి సేద్యం కార్యక్రమం సైతం మహిళా సంఘాల ద్వారానే ఇంటింటికీ చేరుతున్నది.

చూశారా వరుస! అక్షరం, తర్వాత ధైర్యం, తర్వాత పొదుపు, తర్వాత బియ్యం. కూరమడి ఈ వరుసలో చివరిది. మొదటి మెట్లు ఎక్కకుండా నేను చివరి మెట్టు మీద విత్తనం చల్లాను. మొలుస్తుందా?

కనుక మీ ఊళ్ళో పని మొదలుపెట్టే ముందు సంఘం కూర్చునే రోజున వెళ్ళండి. పది ఇళ్ళను ఒక జట్టు చేయండి. ఎవరి దొడ్డిలో నీరుందో, ఎవరికి దొడ్డే లేదో అడిగి తెలుసుకోండి. ఒక ఇల్లు గోంగూర, ఒక ఇల్లు బీర, మరొక ఇల్లు చిక్కుడు విత్తనం నిలపాలి. బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, తడి తగలని కుండలో దాస్తే మరుసటి ఏటికి పొట్లాల కోసం నా దారి చూడనక్కరలేదు. బియ్యం కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు మడిలోకి మళ్ళించండి. గట్టున మునగ, కరివేపాకు నాటండి. మేకలకు అడ్డంగా కంప తప్పదు. ఆ పని పది ఇళ్ళవారూ కలిసి ఒక్కరోజున చేయాలి.

దొడ్డి లేని ఇంటి సంగతి మరువవద్దు. బడి ఆవరణలోనో, అంగన్‌వాడీ పక్కనో నాలుగు మడులు ఆ ఇళ్ళవారికి కేటాయించేటట్లు పంచాయతీని అడగండి. వీలుకాకపోతే జట్టులో ప్రతి కోతకూ వారి వాటా తీసిపెట్టండి. అట్లా చేయకపోతే, బియ్యం డిపోలో ఉండి పొయ్యి వెలగని పాత కథే కూర విషయంలోనూ మళ్ళీ నడుస్తుంది.

నేను ఆ ఊరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి సంచిలో విత్తనాలు లేవు. సంఘం చాప మీద కూర్చుని, "అమ్మా, నీళ్ళెవరు పోస్తారు?" అని అడిగాను. ఒక పెద్దామె నవ్వి, "ఈ మాట ముందే అడిగుంటే పోయిందేముంది నాయనా?" అన్నది. మీరు ముందే అడగండి. సెలవు.