మన్ను తినే అలవాటు: ఎర్రమట్టిలోని ఇనుము ఒంటికి ఎందుకు పట్టదు?

ఆహారం కాని వస్తువులను కోరి తినే అలవాట్లలో మన్ను తినడం మిక్కిలి పురాతనమైనది. పుట్టమన్ను, ఎర్రమట్టి, సుద్ద, కుండపెంకు, ఇటుక ముక్క, గోడ పూత, బడిపిల్లల బలపం మొదలైనవన్నీ ఈ అలవాటుకు వేర్వేరు రూపాలే. తినకూడని వస్తువులపై పుట్టే కోరికను వైద్యులు ‘పైకా’ అంటారు. అందులో మట్టిని తినడానికి ‘జియోఫేజియా’ అని పేరు. పైకా అన్నది లాటిన్ భాషలో ఒక పక్షి పేరు. దొరికినదల్లా ముక్కున కరుచుకుపోయే పక్షి కనుక ఆ పేరు ఈ అలవాటుకు వచ్చింది.

రామనగుడ, గుణుపురం వైపునా, ఇటు పార్వతీపురం మన్యం వైపునా నేలలో అధికభాగం ఎర్రనిది. ఆ ఎరుపు ఇనుప తుప్పు వల్ల వచ్చిన రంగు. రక్తానికీ ఇనుమే ఆధారం కనుక ఎర్రమట్టి తింటే రక్తం పడుతుందని తలచేవారు ఉన్నారు. వినడానికి సబబుగానే తోచే ఈ మాట నిజం కాదు. మట్టిలోని ఇనుము కరగని రూపంలో ఉంటుంది. పేగు దానిని ఇంచుమించు గ్రహించలేదు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. అనేక రకాల బంకమన్ను, అన్నంతో, ఆకుకూరతో వచ్చిన ఇనుమును కూడా పట్టి ఉంచి, మలంతోపాటు బయటికి తీసుకుపోతుంది. టర్కీ దేశంలో అక్కడివారు తినే మట్టిపై జరిపిన పరీక్షలు ఈ సంగతిని 1968లోనే వెల్లడించాయి. రక్తం కోసం తిన్న మన్నే రక్తాన్ని తగ్గిస్తుందన్నమాట.

రక్తం తక్కువైనందువల్ల మన్ను మీద కోరిక పుడుతుందా, మన్ను తిన్నందువల్ల రక్తం తగ్గుతుందా అన్న ప్రశ్నపై వైద్యులు చాలాకాలంగా తర్జనభర్జన పడుతున్నారు. రెండూ జరుగుతాయి. ఇనుము తక్కువైన మనిషికి ఎందుకో ఇటువంటి వింత కోరికలు పుడతాయి. కొన్ని దేశాలలో ఇదే లోపమున్నవారు మంచుగడ్డలు కరకర నములుతారు. మన ఇళ్లలో పచ్చిబియ్యం బుక్కడం, బలపాలు కొరకడం కనిపిస్తాయి. తొలకరి జల్లుకు నేల విడిచే వాసన తగలగానే నోరూరుతుందని చెప్పే గర్భిణులు ఎందరో ఉన్నారు. ఇనుము ఇచ్చి లోపాన్ని సరిచేస్తే ఈ కోరిక అనేకులలో తగ్గిపోతుంది. కొందరిలో రక్తం పూర్తిగా పట్టకమునుపే పోతుంది. ఇది కేవలం చెడ్డ బుద్ధి కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

పూర్వులు గమనించినది

చరక సంహిత చికిత్సాస్థానంలో పాండురోగం ఐదు విధాలని చెప్పబడింది. ఐదవది మన్ను తినడం వల్ల వచ్చేది. తిన్న మన్ను జీర్ణం కాక దేహమార్గాలను అడ్డగించి బలాన్నీ వర్ణాన్నీ జఠరాగ్నినీ హరిస్తుందని ఆ గ్రంథం వివరిస్తుంది. ముఖం, పాదాలు వాచడం, కడుపులో క్రిములు చేరడం, విరేచనంలో రక్తమూ జిగురూ పడడం దీని లక్షణాలుగా అందులో ఉన్నాయి. పురుగుల వల్ల రక్తం క్షీణించిన రోగిని నేటి వైద్యుడు వర్ణించినా ఇంచుమించు ఇవే మాటలు వాడతాడు. ఎంత చెప్పినా మన్ను మాననివారికి వేప, వాయువిడంగాల వంటి చేదు మందులు పట్టించిన మన్నునే ఇచ్చి విసుగు పుట్టించమని కూడా అక్కడ ఉపాయం ఉన్నది.

కాళిదాసు రఘువంశంలో గర్భవతియైన సుదక్షిణాదేవి నోట మన్ను వాసన వస్తుంది. దిలీపుడు దానికి మురిసిపోతాడు. వేవిళ్ల వేళ మట్టి మీద మనసుపోవడం ఆనాటికే లోకానికి తెలిసిన సంగతి. పోతన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు మన్ను తిన్నాడని బలరాముడూ గోపబాలురూ యశోదకు చెప్పే ఘట్టం తెలుగువారికి కొత్తది కాదు. ఆ కథ చెప్పుకొని నవ్వుకునే ఇళ్లలోనే, మన్ను తిన్న పిల్లవాడి వీపు మీద దెబ్బ పడుతుంది. యశోద నోరు తెరిపించి చూసింది. ఇప్పటి తల్లి బిడ్డ కంటి కింది రెప్పను కూడా కాస్త కిందికి లాగి చూడవలసి ఉన్నది. అది ఎర్రగా లేక తెల్లగా పాలిపోయి ఉంటే, మన్ను సంగతి తరువాత, ముందు రక్తపరీక్ష చేయించాలి.

ఇంగ్లీషువారి కాలంలో రాయగడ, గుణుపురం ప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు చేరింది. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ 1906లో దక్షిణదేశపు ఆచారాలపై ప్రచురించిన గ్రంథంలో మన్ను తినడం మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయమే వ్రాశాడు. అదే సంవత్సరం డేవిడ్ హూపర్, హెరాల్డ్ మాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు భారతదేశంలో ఈ అలవాటుపై వ్రాసిన వ్యాసాన్ని బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ప్రకటించింది.

షీరాజ్ యువకుడు

బిహార్‌లోని బక్సర్‌లో జన్మించిన వైద్యుడు ఆనంద ప్రసాద్ 1958లో ఇరాన్‌లోని షీరాజ్ నగరంలో పనిచేస్తుండగా ఆయన వద్దకు ఒక రోగి వచ్చాడు. వయసు 21 సంవత్సరాలు. చూస్తే పదేళ్ల పిల్లవాడు. యౌవన లక్షణాలేవీ లేవు, రక్తం బొత్తిగా లేదు. అతని తిండి దాదాపు గోధుమ రొట్టె మాత్రమే, మాంసం ఎరుగడు. అదికాక రోజుకు సుమారు అరకిలో మన్ను తింటాడు. ఆ ప్రాంతంలో ఇటువంటివారు మరికొందరు కనిపించారు. ఇనుము ఇస్తే రక్తం మెరుగుపడింది. కానీ ఎదుగుదల ఆగిపోవడానికి ఇనుము లోపం ఒక్కటే చాలదని ప్రసాద్‌కు అనుమానం కలిగింది. ఆ విషయాలను 1961లో ప్రకటించాడు. తరువాత ఈజిప్టులో జరిపిన పరిశోధనలతో, మనిషి ఎదుగుదలకు జింకు అత్యవసరమని రుజువైంది. అంతకుముందు మనుషులకు జింకు కొరత వస్తుందనే ఎవరూ పెద్దగా అనుకోలేదు. విరేచనాలైన పిల్లలకు ఈనాడు ఓఆర్‌ఎస్‌తో కలిపి ఇచ్చే జింకు మాత్ర వెనుక ఆ మన్ను తిన్న యువకుని కథ కొంత ఉన్నది.

అన్నిచోట్లా మన్ను తినడానికి కారణం ఒక్కటే కాదు. హైతీ దేశంలో మట్టికి ఉప్పు, కొవ్వు కలిపి ఎండబెట్టిన బిళ్లలు ఉన్నాయి. 2008లో ఆహారధరలు పెరిగినప్పుడు పేదలు వాటితో ఆకలి తీర్చుకున్న వార్త లోకమంతా పాకింది. అమెరికాలో సెరా యంగ్ బృందం వివిధ సమాజాల నుండి సేకరించిన వృత్తాంతాలను పరిశీలించి, కడుపులోని విషాల నుండి, సూక్ష్మజీవుల నుండి రక్షణ పొందడానికి ఈ అలవాటు పుట్టి ఉండవచ్చని 2011లో అభిప్రాయపడింది. కయోలిన్ అనే తెల్లమన్నును విరేచనాల మందులలో వాడిన రోజులు ఉన్న మాట వాస్తవమే. అంతమాత్రాన పెరటి మన్ను మందు కాదు.

మట్టితోపాటు లోపలికి పోయేవి

బహిర్భూమికి వాడిన నేలలో ఏలికపాముల గుడ్లు ఉంటాయి. అవి మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉండగలవు. మన్ను తినే బిడ్డ కడుపులోకి అవి నేరుగా చేరతాయి. కొంకిపురుగు ముఖ్యంగా చెప్పులు లేని కాలి చర్మం గుండా ప్రవేశిస్తుంది. దానిలో ఒక జాతి నోటి ద్వారా కూడా పోగలదు. పేగు గోడను పట్టుకొని రక్తం పీల్చే పురుగు ఇదే. కుక్కల మలం కలిసిన మట్టి వల్ల వచ్చే మరొక పురుగు కంటిచూపును దెబ్బతీసిన సందర్భాలూ ఉన్నాయి. అధికంగా తిన్న మన్ను పేగులో గట్టిపడి అడ్డుపడితే శస్త్రచికిత్స వరకు పోతుంది. పళ్లు అరిగిపోవడం సరేసరి.

మట్టిని కాల్చి తింటే దోషం లేదన్న వాదన సగమే నిజం. కాలిస్తే పురుగుల గుడ్లు చస్తాయి. సీసం, ఆర్సెనిక్ వంటి విషలోహాలు మాత్రం పోవు. బంగ్లాదేశ్ మూలాలున్న స్త్రీలు బ్రిటన్‌లో తినే ‘సికోర్’ అనే కాల్చిన మట్టిబిళ్లలలో ఇవి కనిపించాయి. సీసం గర్భస్థ శిశువు మెదడుకు హాని చేస్తుంది. పాత బ్యాటరీలు పగలగొట్టిన చోటు, రంగులు గీకిన గోడ, పురుగుమందు కొట్టిన పత్తిచేను, ఈ మూడింటి మన్ను మరింత ప్రమాదకరం.

ఇంటిలో చేయదగినవి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఒడిశాలో 64.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఐదేళ్లలోపు పిల్లలలో వరుసగా 64.2, 63.2 శాతం. సరిహద్దుకు ఏ పక్కన ఉన్నా సంగతి ఒకటే. గర్భిణికి, ఐదేళ్లలోపు బిడ్డకు హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా లెక్క. గర్భిణికి 7 కంటే తగ్గితే ఆసుపత్రికి పోవలసిందే.

ఏడాది, ఏడాదిన్నర బిడ్డ దొరికినది నోట పెట్టుకోవడం సహజమే. రెండేళ్లు దాటిన తరువాత కూడా నెలకు పైగా మన్ను తింటూ ఉంటే దానిని అలవాటుగా భావించి పరీక్ష చేయించాలి. చేతికి వేపాకు రాయడం, కట్టివేయడం, కొట్టడం వల్ల బిడ్డ చాటుగా తినడం మాత్రమే నేర్చుకుంటాడు. కోడలు ఈ సంగతి అత్తకు చెప్పుకోలేదు, ఆశా కార్యకర్తకు చెప్పడానికి సిగ్గుపడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లే ముందుగా మెల్లగా అడిగితే మేలు.

కోరాపుట్, రాయగడ ప్రాంతాలలో ఒక జాగ్రత్త అవసరం. ఇక్కడ రక్తం తగ్గడానికి ఇనుము లోపమే కాక మలేరియా, సికిల్‌సెల్, తలసీమియా కూడా కారణాలు. సికిల్‌సెల్ ఉన్న పిల్లలలోనూ మన్ను తినే కోరిక కనిపిస్తుంది. 2023 జూలైలో ప్రారంభమైన జాతీయ సికిల్‌సెల్ కార్యక్రమం కింద ఈ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో చేస్తారు. తలసీమియా ఉన్నవారికి వైద్యుని సలహా లేకుండా ఇనుము ఇవ్వరాదు.

ఇనుము లోపమని తేలితే మందు సులభమే. గర్భిణికి నాలుగవ నెల నుండి రోజుకొక ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్ర చొప్పున 180 రోజులు, ప్రసవం తరువాత మరి 180 రోజులు ఉచితంగా ఇస్తారు. పసిపిల్లలకు వారానికి రెండుసార్లు మందు చుక్కలు. మాత్రను టీతో మింగితే ఫలితం పోతుంది, టీకి మాత్రకు గంట రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే మంచిది. మలం నల్లబడితే భయపడనక్కరలేదు. అది మాత్ర రంగే. నట్టల మాత్ర అల్బెండజోల్‌ను ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో అంగన్‌వాడీలలో, బడులలో ఏడాది నుండి 19 ఏళ్లవారికి ఇస్తారు. రెండేళ్లలోపు బిడ్డకు అర మాత్రే. గర్భిణికి మొదటి మూడు నెలలలో అది ఇవ్వరు.

తిండిలో మునగాకు, తోటకూర, చిన్నచేపలు, వీలైతే గుడ్డు, మాంసం ఉండాలి. చోడిపిండిని నేరుగా కాచిన జావకంటే, రాత్రి పులియబెట్టి కాచిన అంబలిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పులియడం వల్ల ఇనుమును పట్టి ఉంచే పదార్థం తగ్గుతుంది. ఇది మన పెద్దల పద్ధతే.

బిడ్డ మన్ను మానిన వెంటనే మందు ఆపివేయడం తరచుగా జరిగే పొరపాటు. రక్తం సరిపోయాక కూడా ఒంటిలో ఇనుము నిల్వ చేరడానికి సుమారు మూడు నెలలు మందు కొనసాగాలి. నెలల తరువాత మంచం పక్క గోడ మీద గోటి గీతలు మళ్లీ కనిపిస్తే, మళ్లీ రక్తపరీక్షకు తీసుకుపోవలసిన సమయం వచ్చినట్లే.