సిగ్గు అడ్డురాని ప్రశ్నలు

ఇస్లాంలో శుభ్రత అనగానే నియమాల జాబితా ముందుకొస్తుంది. నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కుని తల తడిచేత్తో తుడుచుకోవడం వజూ. ఒళ్ళంతా తడిసేలా చేసే స్నానం గుస్ల్. మలమూత్రాల తర్వాత ఎడమచేత్తో, నీళ్ళతోగానీ రాళ్ళతోగానీ శుభ్రం చేసుకోవడం ఇస్తింజా. ఈ నియమాల వెనక ఉన్న స్త్రీల గొంతులు మాత్రం మనకు అంతగా వినిపించవు.

7వ శతాబ్దపు మదీనాలో, ఇళ్ళ దగ్గర మరుగుదొడ్లు లేని రోజుల్లో, స్త్రీలు ఊరి బయట మనాసి అనే బయలుకు వెళ్ళేవారు. అదీ రాత్రిపూటే. ఈ సంగతి చెప్పింది ప్రవక్త భార్య ఆయిషా. ఒక రాత్రి మరో భార్య సౌదా అలా బయటికి వెళ్ళారు. ఆమె పొడగరి. ఉమర్ గుర్తుపట్టి, పేరుపెట్టి పిలిచారు. పరదా ఆయతు రావడానికి ఈ ఘటననే కారణంగా చూపే హదీసు బుఖారీ సంకలనంలో ఉంది. అదే సంకలనంలోని మరో హదీసులో సౌదా తిరిగొచ్చి ప్రవక్తతో చెప్పుకున్నారు. అవసరాలకు బయటికి వెళ్ళడానికి స్త్రీలకు అనుమతి ఉందని ఆయన జవాబిచ్చారు. మొదటిది తెలిసినంతగా రెండోది ఎందుకు తెలియదు?

సౌదాలాగే మదీనా అన్సారీ స్త్రీలూ ఊరుకోలేదు. స్త్రీకి స్వప్నస్ఖలనమైతే స్నానం చేయాలా అని ఉమ్మె సులైం ప్రవక్తనే అడిగారు. బహిష్టు తర్వాత ఎలా శుభ్రపడాలని ఇంకొకామె అడిగితే, కస్తూరి అద్దిన దూదితో అన్నారాయన. ఆమెకు అర్థం కాలేదు. ఆయన సిగ్గుపడ్డారు. ఆయిషా ఆమెను పక్కకు లాగి, రక్తపు మరకలున్నచోట తుడుచుకోమని విప్పి చెప్పారు. నేర్చుకోవడానికి సిగ్గు అడ్డురానివ్వని స్త్రీలంటూ అన్సారీలను మెచ్చుకున్నదీ ఆమే. నీళ్ళతో కడుక్కోమని మగవాళ్ళకు చెప్పడానికి తనకు మొహమాటమై, మీ భర్తలకు మీరే చెప్పండని స్త్రీలతో అన్నారు. అంటే మగవాళ్ళ శుభ్రత కూడా ఆడవాళ్ళ నోటిమీదుగా నడిచింది.

తర్వాత ఈ జ్ఞానం ఫిఖ్ పండితుల చేతికి వెళ్ళింది. బహిష్టు గరిష్ఠంగా 10 రోజులని హనఫీలు, 15 రోజులని షాఫియీలు లెక్కగట్టారు. ఆ రోజులు దాటితే రక్తం పేరు మారుతుంది, నమాజు విధి తిరిగొస్తుంది. లెక్క మగవాళ్ళది, రక్తం ఆడవాళ్ళది.

అయినా ఆ గ్రంథాల అడుగున స్త్రీల ప్రశ్నలు చెరగకుండా ఉన్నాయి. చీకటి పడేదాకా బిగబట్టుకోవడం ఏమిటో తెలిసిన మనం సౌదా నడిచిన ఆ రాత్రిని పరదా కథగానే కాక, మరుగు కోసం స్త్రీ పడ్డ పాట్ల కథగా కూడా చదవాలి.