పోరులో ఓడి, గడియారంతో గెలిచిన సైనికుడు

మన తరంలో చాలామందికి నాన్నగారి హెచ్.ఎం.టి. వాచీ గుర్తుండే ఉంటుంది. రోజూ ఒకే వేళకు దానికి కీ ఇచ్చేవారు. నిజానికి ఆ వాచీకి కీ అంటూ ఏదీ లేదు. పక్కనున్న చిన్న బొడిపెను తిప్పడమే. వస్తువు పోయినా మాట మిగిలింది. ఒకప్పుడు జేబు గడియారాలకు నిజంగానే చిన్న తాళంచెవి ఉండేది. దాని అవసరం లేని గడియారాన్ని లోకానికి అందించిన ఇద్దరిలో ఒకరు మాజీ సైనికుడు ఆంటొనీ పాటెక్.

పాటెక్ 1812లో పోలండ్‌లోని లూబ్లిన్ ప్రాంతపు పల్లెలో పుట్టారు. అప్పటికే రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు ఆ దేశాన్ని పంచుకుని ఉన్నాయి. ఆయన పదహారో ఏట అశ్వికదళంలో చేరారు. 1830 నవంబరులో వార్సాలో రష్యా చక్రవర్తిపై తిరుగుబాటు మొదలైంది. ఆ పోరులో రెండుసార్లు గాయపడ్డారు, పోలండ్ అత్యున్నత వీర పతకం అందుకున్నారు. 1831లో తిరుగుబాటు అణిగిపోయింది. వేలమంది దేశం వదిలారు. జర్మనీలోని బాంబెర్గ్ ఊళ్ళో ఉండి, ఫ్రాన్సుకు తరలిపోయే తోటి సైనికులకు దారి చూపిన వారిలో పాటెక్ ఒకరు. తర్వాత ఆయనా ఫ్రాన్సు చేరి, అక్కణ్ణుంచి జెనీవాకు వచ్చి స్థిరపడ్డారు.

అప్పటి జెనీవా సుమారు 30 వేల జనాభాతో, చుట్టూ కోటగోడలున్న చిన్న నగరం. గడియారాలూ నగలూ అక్కడి ముఖ్యమైన వృత్తులు. 1839లో పాటెక్, అదే తిరుగుబాటులో పాల్గొన్న గడియారాల పనివాడు ఫ్రాన్సిషెక్ చాపెక్‌తో కలిసి వ్యాపారం పెట్టారు. బంగారు కేసులపై ఎనామెల్ చిత్రాలు వేయించి అమ్మేవారు. ఆ చిత్రాల్లో కొషూష్కో వంటి పోలిష్ వీరుల ముఖాలుండేవి. పటంలో లేని దేశం ప్రవాసుల జేబుల్లో అలా మిగిలింది.

1844లో పారిస్ ప్రదర్శనలో ఆద్రియన్ ఫిలిప్ అనే ఫ్రెంచి యువకుడి గడియారం పాటెక్ కంటబడింది. దానికి తాళంచెవి అక్కర్లేదు. మామూలు గడియారంలో తాళంచెవి దూర్చే రంధ్రంలోంచి దుమ్ము లోపలికి పోయేది, తాళంచెవి పోతే గడియారం ఆగిపోయేది. ఫిలిప్ పద్ధతిలో ఒకే బొడిపెతో స్ప్రింగు చుట్టవచ్చు, ముళ్ళూ సరిచేయవచ్చు. ఇంజనీరుగా నాకు నచ్చేది ఇదే: రెండు పనులకు ఒకే ఇరుసు. అంతకన్నా నచ్చేది పాటెక్ చూపు. ఎదుటివాడి పనితనాన్ని గుర్తించి, భాగస్వామిని చేసుకుని, సంస్థ పేరులో అతని పేరూ చేర్చారు. 1851 నుంచి అది పాటెక్ ఫిలిప్ అయింది. అదే ఏడు లండన్ మహా ప్రదర్శనలో విక్టోరియా రాణి వారి గడియారం కొన్నారు.

చదువుకున్న ఊరు వదిలి ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్ళం మనం. మనకు సెలవు దొరికితే తిరిగి రావడానికి ఊరుంది, స్వర్ణోత్సవానికి కలుసుకోవడానికి బడి ఉంది. పాటెక్‌కు ఆ వీలు లేదు. కొత్త ఊరును తనదే అనుకుని పనిచేస్తూ, పాత దేశాన్ని చేతిపనిలో నిలుపుకున్నారు. 1877లో జెనీవాలోనే కన్నుమూశారు. పోలండ్ మళ్ళీ స్వతంత్ర దేశమయ్యేసరికి 1918 వచ్చింది.