పేరు మార్చుకుంటేనే పేరొస్తుందా?

బొంబాయి సినిమాల్లో పేరు రావాలంటే ముందు పేరు మార్చుకోవాలనే మాట ఒకప్పుడు గట్టిగా వుండేది. పెషావరు యూసుఫ్ ఖాన్ 1944లో ‘జ్వార్ భాటా’తో దిలీప్ కుమార్ అయ్యారు. మహజబీన్ బానూ మీనాకుమారి అయింది.

మన గోల్కొండ బిడ్డ హమీద్ అలీ ఖాన్ సంగతీ అంతే. 1922లో పుట్టి, హనుమకొండలో చదువుకుంటూ, కాలేజీ పుస్తకాలు అమ్ముకొని బొంబాయి చేరారు. పేరు పొడుగ్గా వుందని దర్శకుడు కె. అమర్‌నాథ్ అనగా అజిత్ అయ్యారు. ‘జంజీర్’ (1973), ‘కాళీచరణ్’ (1976) చూసినవారు ఆ సూటు బూటు విలన్‌ను మరువలేరు. కాని ఆయన మన దక్కనువాడని ఎందరికి తెలుసు? 1998లో కన్నుమూసింది మళ్ళీ హైదరాబాదులోనే.

వహీదా రెహమాన్ గారిది వేరే దారి. 1955లో తెలుగు ‘రోజులు మారాయి’లో నాట్యమాడి పేరు తెచ్చుకున్నారు. హిందీ ‘సి.ఐ.డి.’ (1956)కి పిలిచినవారు పేరు మార్చుకోమన్నారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు మార్చేది లేదని, ఇరవై ఏళ్ళయినా నిండని ఆ అమ్మాయి తేల్చి చెప్పింది. పద్మభూషణ్ (2011), 2021వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆ పేరుమీదే వచ్చాయి.

మార్చుకున్నవారిని మేము తప్పుపట్టం. కాలం అలాంటిది, కడుపు అలాంటిది. అయితే 2008లో శంషాబాదుకు విమానాశ్రయం వచ్చాక మన పిల్లలూ అక్కడ కొలువులకు వెళ్తున్నారు. పేరు చూసి ఏమనుకుంటారో, ఇంటి ఉర్దూ దాచుకుందామా అని కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. మేము చెప్పేదొక్కటే: మెడలోని గుర్తింపుకార్డు మీది పేరుకు సిగ్గుపడవద్దు. పనితనం, నడవడి బాగుంటే ఆ పేరే వెలుగుతుంది, ఇన్షా అల్లాహ్.