తాండూరు సున్నం, అనంతగిరి ఎర్రరాయి: మూలకాల గ్రూపుల చరిత్రపై ఒక పరిశీలన

ఆవర్తన పట్టిక చరిత్రను 1869లో మెండలీవ్ ప్రకటించిన క్రమంతో ఆరంభించడం పరిపాటి. తాండూరు సున్నపురాయి వైపు నుంచి చూస్తే ఆ ఆరంభం ఇంకా వెనకకు జరుగుతుంది. లాటిన్‌లో సున్నాన్ని 'కాల్క్స్' అంటారు. 1808లో హంఫ్రీ డేవీ సున్నం నుంచి వేరుచేసిన లోహానికి ఆ మాట నుంచే కాల్షియమని పేరు పెట్టాడు. తెలుగు 'సున్నం' సంస్కృత చూర్ణానికి తద్భవం. ఒక పేరు పదార్థాన్ని చెప్పగా, మరొకటి దాని రూపాన్ని చెప్పింది.

1829లో డోబరైనర్ కాల్షియం, స్ట్రాన్షియం, బేరియంలను ఒక త్రికంగా గుర్తించాడు. వాటి పరమాణు భారాలు నేటి లెక్కలో సుమారు 40, 88, 137. మధ్యది చివరి రెండింటి సగటుకు చేరువ. ఈ పోలికకు కారణం అప్పట్లో తెలిసే వీలులేదు. ఎలక్ట్రాన్ 1897లో గాని బయటపడలేదు. బంధాన్ని బాహ్య ఎలక్ట్రాన్లతో వివరించిన లూయిస్ వ్యాసం 1916 నాటిది. కాల్షియంలోని 20 ఎలక్ట్రాన్లు 2, 8, 8, 2గా అమరుతాయి. చివరి రెండే వేలన్సీ ఎలక్ట్రాన్లు. బట్టీలో రాయి కాలి బొగ్గుపులుసు వాయువు వెలువడినా, నీటితో సున్నం విరిసినా, గోడమీద అది తిరిగి గట్టిపడినా కాల్షియం వేలన్సీ రెండుగానే నిలుస్తుంది. కారణం తెలియకపోయినా ఈ చక్రాన్ని సున్నం కాల్చేవారు శతాబ్దాలుగా నడిపారు. దీనిని చరిత్రకు పూర్వరంగమని పక్కన పెట్టడం న్యాయం కాదు.

వికారాబాద్ వైపు దృశ్యం వేరు. మూసీ పుట్టిన అనంతగిరి కొండలమీద దక్కను లావా శిల వానకు నాని లేటరైటుగా మారింది. మొదటి, రెండవ గ్రూపుల సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం నీటితో కొట్టుకుపోగా, కరగని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలాయి. ఇక్కడ ఒక అపోహకు తావుంది: అలా పోయిన కాల్షియమే తాండూరు రాయి అయిందని అనుకోరాదు. భీమా శ్రేణికి చెందిన ఆ సున్నపురాయి లావాకంటే ఎంతో ప్రాచీనం.

2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి ఆధారమైన నల్లరేగడిలో అట్టపుల్గైట్ అనే మెగ్నీషియం బంకమన్ను ఉంది. అడుగున సున్నపురాయి నిక్షేపాలున్నాయి. మెగ్నీషియం, కాల్షియం రెండూ ఒకే గ్రూపువి. ఒకటి పైరుకు నేల, మరొకటి బండకూ సిమెంటుకూ ముడిసరుకు. బండ తీయాలంటే ముందు ఆ రేగడిని తొలగించాలి.