ముఆయినా: ఒక దస్తఖతు వెనుక చరిత్ర

మా నానా ఒక రైస్ మిల్లులో బాయిలర్ ఫైర్‌మన్‌గా పనిచేసేవారు. వడ్లు ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేసే మిల్లు అది. పొయ్యిలో ఊక వేయడం, నీటిమట్టం చూపే గాజు గొట్టం మీద కన్నువేసి ఉంచడం, గేజిలో ముల్లు ఎర్రగీత దాటకుండా చూసుకోవడం ఆయన డ్యూటీ. ఏడాదికోసారి మిల్లు కొన్ని రోజులు ఆగేది. బాయిలర్ చల్లార్చి, నీళ్లు వదిలేసి, మూతలు విప్పి, లోపల పేరుకున్న సున్నపు పొరను గీకి శుభ్రం చేసేవారు. అప్పుడు సర్కారీ ఇన్‌స్పెక్టర్ వచ్చేవారు. నానా మాత్రం దాన్ని ఏనాడూ ఇన్‌స్పెక్షన్ అనలేదు. "ముఆయినా" అనేవారు. పాత దఫ్తర్ల మాట ఆయన నోట అలాగే ఉండిపోయింది.

ముఆయినా అయ్యాక ఒక సర్టిఫికెట్ వచ్చేది. దాని మీద ఒక దస్తఖతు, ఒక తారీఖు. ఆ తారీఖు దాటితే బాయిలర్ వెలిగించడానికి ఇజాజత్ లేదు. మన ఇళ్లలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర కూడా. ఆ కాగితం మీది తేదీ వెనుక ఎంత పెద్ద చరిత్ర ఉందో నాకు చాలా ఏళ్ల తర్వాత, చదివాక తెలిసింది. ఆ దాస్తాన్ మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

చేపలకు వెళ్లిన కుర్రాడు

ముందు బాయిలర్ తాకత్ ఏమిటో తెలియాలి. మామూలు గాలి ఒత్తిడిలో లీటరు నీరు మరిగితే సుమారు 1,600 లీటర్ల ఆవిరి అవుతుంది. ఆ ఆవిరిని ఇనుప పెట్టెలో బంధిస్తే అది యంత్రాన్ని తిప్పుతుంది. పెట్టె పగిలితే లోపల మసలుతున్న నీరంతా ఒక్క క్షణంలో ఆవిరిగా మారి, గోడలనూ మనుషులనూ విసిరేస్తుంది.

ఇంగ్లండులో రిచర్డ్ ట్రెవితిక్ అనే ఇంజనీరు ఎక్కువ ఒత్తిడితో నడిచే ఆవిరి యంత్రాలు తయారు చేశాడు. 1803 సెప్టెంబరులో లండన్ దగ్గరి గ్రీన్‌విచ్‌లో వాటిలో ఒకటి పేలి నలుగురు చనిపోయారు. దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిన కుర్రాడు చేపలు పట్టడానికి వెళ్లాడు. ఇంకో పనివాడు యంత్రాన్ని ఆపాడు కానీ సేఫ్టీ వాల్వ్‌ను వదలలేదు. ఆవిరి పోయే దారి మూసుకుపోయింది.

కుర్రాడి లాపర్వాహీ అని చెప్పి ట్రెవితిక్ చేతులు దులుపుకోవచ్చు. అలా చేయలేదు. ఒకటి కాదు, రెండు సేఫ్టీ వాల్వ్‌లు పెట్టాలన్నాడు. వాటిలో ఒకటి పనివాడి చేతికి అందకూడదు. నీళ్లు తగ్గి లోహం వేడెక్కితే తనంతట తానే కరిగి ఆవిరిని బయటికి వదిలేసే సీసపు బిరడా కూడా పెట్టాడు. మనిషి మరచిపోతాడు, అలసిపోతాడు, నిద్రపోతాడు. అది ముందే తెలుసుకుని యంత్రాన్ని తయారు చేయాలన్న సబక్ అక్కడ మొదలైంది.

కంచె వద్దన్న మాలిక్‌లు

ప్రమాదం బాయిలర్‌తోనే కాదు. ఆ రోజుల్లో మిల్లు పైకప్పు కింద పొడవాటి ఇనుప షాఫ్టులు తిరిగేవి. వాటి నుంచి తోలు బెల్టులు కింది యంత్రాలకు వచ్చేవి. ఆడపిల్ల జడో, కూలివాడి చొక్కా అంచో బెల్టుకు చిక్కితే మనిషినే పైకి లాగేసేవి. బ్రిటన్‌లో 1833 చట్టం నలుగురు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లను పెట్టింది. దేశం మొత్తానికీ నలుగురే! 1844 చట్టం తిరిగే యంత్రాలకు కంచె కట్టాలంది.

మాలిక్‌లు ఊరుకోలేదు. అంత ఎత్తున ఉన్న షాఫ్టుకు కంచె ఎందుకు, ఖర్చు దండగ అన్నారు. 1855లో ఇందుకోసం ఒక సంఘమే పెట్టుకున్నారు. చార్లెస్ డికెన్స్ నడిపిన పత్రిక ఆ సంఘాన్ని గట్టిగా ఎద్దేవా చేసింది. ఖర్చు అనే మాట ఆనాడు ఎంత బలంగా పలికిందో, నేటికీ అంతే బలంగా పలుకుతోంది.

సుల్తానా మీద అతుకు

ముఆయినా అనే ఆలోచన యూరప్‌లోనే పుట్టిందని అనుకోవద్దు. బాగ్దాద్‌లో బతికి 1058లో చనిపోయిన అల్ మావర్దీ పరిపాలన గురించి రాసిన గ్రంథంలో ముహ్తసిబ్ విధులు చెప్పాడు. ముహ్తసిబ్ అంటే బజారులో తూకాలు, కొలతలు, సరుకు నాణ్యత చూసే అధికారి. పడవలో మోయలేనంత బరువు ఎక్కిస్తుంటే, గాలి ఉధృతంగా ఉన్నప్పుడు పడవ వదులుతుంటే ఆపడం కూడా అతని పనే. హాదిసా జరిగాక విచారించడం కాదు, జరగకముందే అడ్డుపడడం. ఈ ఒక్క ఉసూల్‌ను ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఒక నది ఒడ్డున ఎవరైనా పాటించి ఉంటే ఏమయ్యేదో చూడండి.

అమెరికాలో మిసిసిపి నది మీద తిరిగే ఆవిరి పడవ ఒకటి ఉండేది. పేరు సుల్తానా. 1865 ఏప్రిల్‌లో, అంతర్యుద్ధం ముగిసిన రోజుల్లో, విడుదలైన సైనిక ఖైదీలను ఇళ్లకు చేర్చే పని దానికి దొరికింది. తలకింత అని సర్కారు కిరాయి ఇచ్చేది. విక్స్‌బర్గ్ దగ్గర బాయిలర్ రేకు ఉబ్బి ఆవిరి కారుతోందని తెలిసింది. మిస్త్రీ వచ్చి, రేకులు మార్చాలి, కొన్ని రోజులు పడుతుంది అన్నాడు. అన్నాళ్లు ఆగితే ముసాఫిర్లు ఇంకో పడవ ఎక్కుతారు, కిరాయి పోతుంది. కెప్టెన్ అతుకు వేయమన్నాడు. అసలు రేకు కంటే పల్చని రేకు తెచ్చి అతుకు వేశారు. 376 మందికి అనుమతి ఉన్న పడవలో 2,000 మందికి పైగా ఎక్కారు.

ఏప్రిల్ 27 వేకువన, మెంఫిస్ దాటాక, బాయిలర్లు పేలాయి. 1,100 మందికి పైగా చనిపోయారు. అతుకొక్కటే కారణం కాదనీ, నీటిమట్టం తగ్గడం, పెళుసు ఇనుము, బరువుకు పడవ ఒరగడం కూడా కలిశాయనీ అంటారు. ఏది ఎంత అయినా, లోపం ఉందని ముందే తెలుసు. ఏం చేయాలో చెప్పిన మిస్త్రీ కూడా ఉన్నాడు. జల్దీబాజీ గెలిచింది.

మరుసటి ఏడాది, 1866లో, హార్ట్‌ఫర్డ్ నగరంలో బాయిలర్లకు బీమా చేసే కంపెనీ మొదలైంది. మాంచెస్టర్‌లో విలియం ఫెయిర్‌బెర్న్ వంటి ఇంజనీర్లు అంతకుముందే ఇలాంటి తనిఖీ సంఘం పెట్టారు. పద్ధతి సీదా సాదా: బాయిలర్ పేలితే నష్టం మేమిస్తాం, కానీ మా మనిషి ఏటా వచ్చి లోపలికి దూరి చూస్తాడు. అతను వద్దన్నది మార్చాల్సిందే.

కంటికి కనపడని పగులు

కన్ను పెట్టి చూస్తే సరిపోతుందా? 1905 మార్చి 20న మసాచుసెట్స్ రాష్ట్రం బ్రాక్టన్‌లో ఒక బూట్ల ఫ్యాక్టరీలో పాత బాయిలర్ పేలింది. అది పైకప్పులు చీల్చుకుంటూ ఎగిరిపోయింది. భవనం కూలి మంటలంటుకుంది. 58 మంది పోయారు, 150 మంది గాయపడ్డారు.

ఆ బాయిలర్‌ను ఎవరూ చూడకుండా వదిలేయలేదు. పగులు ఉన్న చోటే కంటికి అందలేదు. అప్పట్లో రెండు రేకుల అంచులను ఒకదానిపై ఒకటి పెట్టి రివెట్లు కొట్టేవారు. అలా కలిపితే బాయిలర్ పూర్తి గుండ్రంగా ఉండదు. ఒత్తిడి ఎక్కినప్పుడల్లా ఆ కీలు కొద్దిగా వంగుతుంది, దిగినప్పుడల్లా వెనక్కి వస్తుంది. ఏళ్ల తరబడి వంగి వంగి, పై రేకు కప్పేసిన భాగంలో సన్నని పగులు పుడుతుంది. ఇన్‌స్పెక్టర్ ఎంత ఈమాన్‌దార్ అయినా ఆ పగులు అతనికి కనపడదు.

అంటే చూడడానికి ముందే, ఎలా తయారు చేయాలో నియమం ఉండాలి. రేకు మందం ఎంత, కీలు ఏ రకం, ఎంత ఒత్తిడికి ఎంత ఇనుము. మసాచుసెట్స్ 1907లో బాయిలర్ నియమాలకు బోర్డు పెట్టింది. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం 1911లో కమిటీ వేసి, 1914 నాటి కోడ్‌ను తయారు చేసింది. నేడు గల్ఫ్‌లో రిఫైనరీల్లో పనిచేస్తున్న మన పిల్లలు "ఏఎస్‌ఎంఈ కోడ్" అంటుంటారే, ఆ పుస్తకం పుట్టుక ఇదీ.

కలకత్తా నుంచి మన దాకా

మన దేశంలో కథ కలకత్తాలో మొదలైంది. 1863లో అక్కడ బాయిలర్ పేలి చాలామంది చనిపోయారు. మరుసటి ఏడాదే బెంగాల్ కౌన్సిల్ కలకత్తా నగరానికీ శివార్లకూ ఆవిరి బాయిలర్ల తనిఖీ చట్టం చేసింది. తర్వాత ఒక్కో ప్రాంతం తన చట్టం తను చేసుకుంది. చివరికి ఒక చోట పాసైన బాయిలర్ ఇంకో చోట చెల్లని హాలత్ వచ్చింది. 1920లో కమిటీ వేశారు. అది గందరగోళాన్ని తప్పుబట్టి, దేశమంతటికీ ఒకే చట్టం కావాలంది. అలా 1923 బాయిలర్ల చట్టం వచ్చింది. సర్టిఫికెట్ గడువు ఏడాదికి మించకూడదు, ప్రమాదం జరిగితే 24 గంటల్లో ఖబర్ ఇవ్వాలి. మా నానా ముఆయినాకు ఈ చట్టమే బునియాద్. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది.

ఆ తనిఖీలో ఒక్క పని చెబుతాను, ఎందుకంటే నానా దాన్ని ఎంతో శౌఖ్‌తో చెప్పేవారు. బాయిలర్ నిండా నీళ్లు నింపి, గాలి లేకుండా చేసి, పంపుతో ఒత్తిడి పెంచుతారు. కొత్త బాయిలర్‌కైతే మామూలుగా పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు. ఆవిరితో కాకుండా నీళ్లతోనే ఎందుకు? నీరు దాదాపు నొక్కుకుపోదు, దానిలో శక్తి దాగి ఉండదు. బలహీనమైన చోట చుక్కలు కారతాయి, ముల్లు పడిపోతుంది, అంతే. పేలదు. లోపం మనుషుల ప్రాణం తీయకుండా బయటపడే తర్కీబ్ అది.

మిగతా యంత్రాలకు 1948 ఫ్యాక్టరీల చట్టం ఉండేది. తిరిగే భాగాలకు కంచె, లిఫ్టులకు ఆరు నెలలకోసారి, క్రేన్లు గొలుసులకు ఏడాదికోసారి సమర్థుడైన వ్యక్తి పరీక్ష అని రాసింది. 2020లో పార్లమెంటు చేసిన కార్మిక భద్రతా కోడ్‌లో ఈ చట్టాన్ని కలిపేశారు.

రాసి కూడా ఆగని హాదిసా

అన్నీ రాసి ఉన్నా సరిపోలేదని భోపాల్ చూపింది. యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీని 1982లో అమెరికా నుంచి వచ్చిన బృందమే తనిఖీ చేసి లోపాలు రాసి ఇచ్చింది. 1984 డిసెంబరు 2-3 రాత్రి విషవాయువు లీకైనప్పుడు ట్యాంకును చల్లబరిచే యంత్రం ఆపేసి ఉంది. వాయువును మండించే టవర్‌కు గొట్టం విప్పేసి ఉంది. రిపోర్టు మాత్రం ఫైల్లో ఉంది.

2020 మే 7న విశాఖలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. విచారణ కమిటీ చెప్పిన విషయాల్లో ఒకటి నన్ను ఆపేసింది. ట్యాంకు అడుగున ఉష్ణోగ్రత కొలిచే సాధనం ఉంది, పైభాగంలో లేదు. అడుగున చల్లగా చూపిస్తుండగా పైన ద్రవం వేడెక్కిపోయింది. బ్రాక్టన్ సబకే మళ్లీ: చూడాల్సిన చోట చూసే ఏర్పాటు లేదు.

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ మజ్దూర్‌కు రెండు హక్కులు రాసింది. తను పనిచేసే చోట ఖత్రా ఏమిటో తెలుసుకునే హక్కు, ప్రమాదం ముంచుకొస్తోందని అనిపిస్తే యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కు. యంత్రం పక్కన రోజూ నిలబడే మనిషికి దాని చప్పుడు మారడం ఇన్‌స్పెక్టర్ కంటే ముందే తెలుస్తుంది. సుల్తానా మిస్త్రీకి కూడా తెలుసు. అతని మాట వినాల్సిన జిమ్మేదారీ ఎవరి మీదా లేకపోయింది.

2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా చనిపోయినప్పుడు, ఆసుపత్రి బయట ఫొటోలు పట్టుకుని నిలబడిన కుటుంబాలను టీవీలో చూశాను. అలాంటి షెడ్లలోకి మన ఇళ్ల నుంచి కూడా రోజూ టిఫిన్ డబ్బాలు వెళ్తాయి. అందుకే ఇంట్లో అడగండి. మీ ప్లాంటులో సర్టిఫికెట్ గోడ మీద ఉందా? దాని తారీఖు ఎంత? సేఫ్టీ వాల్వ్ ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారు? బయటికి వెళ్లే తలుపుకు తాళం వేస్తారా? పోయినసారి రాసిన లోపం సరిచేశారా?

నానా షిఫ్టు మొదట్లో ఊక గంప ఎత్తకముందే గాజు గొట్టం దగ్గరికి వెళ్లేవారట. దాని కింది కాక్ తిప్పి, నీళ్లు వదిలి, మట్టం మళ్లీ లేస్తోందా అని చూసేవారట. గొట్టం మూసుకుపోతే లోపల నీళ్లు లేకపోయినా ఉన్నట్టే చూపిస్తుంది. నిన్న రాత్రి డ్యూటీ దిగినవాడు అంతా ఠీక్ అని చెప్పినా సరే, ముందు కాక్ తిప్పేవారట.