పత్తి చేనుకూ ఆపరేషన్ థియేటర్‌కూ మధ్య ఒక ఎంజైము

రామకృష్ణాపూర్, మందమర్రి, బెల్లంపల్లి అనగానే గుర్తొచ్చేది బొగ్గు. కానీ ఈ బెల్ట్ చుట్టూ ఉన్న నల్లరేగడిలో పండేది పత్తి. గనిలో దిగే ఇంటికీ చేనులో పిచికారీ చేసే ఇంటికీ ఇక్కడ చుట్టరికాలు ఉంటాయి. పురుగుల మందు చరిత్రను వ్యవసాయం ఖాతాలోనూ, ఆపరేషన్ బల్ల మీద వికటించే మందు చరిత్రను వైద్యం ఖాతాలోనూ రాసుకోవడం మనకు అలవాటు. తెలుగు నేల విషయంలో ఈ రెంటినీ విడదీసి చదివితే ఏదీ పూర్తిగా అర్థం కాదని నేను నమ్ముతున్నాను.

నరం ఇచ్చిన ఆజ్ఞను కండరానికి చేర్చేది ఎసిటైల్ కోలిన్. పని కాగానే దాన్ని విరగ్గొట్టి కండరాన్ని మళ్లీ సిద్ధం చేసేది ఎసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము. పురుగు నాడీమండలంలోనూ ఎసిటైల్ కోలిన్‌ను విరగ్గొట్టేది ఈ ఎంజైమే. 1936లో జర్మనీ రసాయనవేత్త గెర్హార్డ్ ష్రాడర్ కొత్త పురుగుల మందు కోసం వెతుకుతూ, ఈ ఎంజైమును పనిచేయనివ్వని టాబున్‌ను తయారుచేశాడు. అది యుద్ధ విషంగా మారింది, దాని బంధువులు చేలల్లోకి వచ్చాయి. వాటిలో ఒకటైన మోనోక్రోటోఫాస్‌ను దేశంలోనే తయారుచేసే పద్ధతిని రూపొందించింది హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనశాల, 1989 నుంచి ఐఐసీటీ. ఎయిడ్స్ మందు ఏజడ్‌టీని చౌకగా చేసే పద్ధతి కూడా అదే ప్రాంగణంలో పుట్టింది. పురుగును చంపే రసాయనం, రోగిని బతికించే రసాయనం ఒకే గోడల మధ్య తయారైనా, రెంటి పర్యవసానాలను కలిపి లెక్కగట్టే పని మాత్రం ఎవరి బాధ్యతా కాలేదు. ఆ లెక్క ఆసుపత్రుల్లో తేలింది. లద్దె పురుగు పత్తిని తినేసిన 1997 నుంచి 2002 వరకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పురుగుల మందు విషంతో వచ్చినవాళ్లు 8,000 మందికి పైనే. ఐదుగురిలో ఒకరికి మించి చనిపోయారు. ఎక్కువమంది కావాలని తాగినవాళ్లే. మరణాల్లో పెద్ద వాటా మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్‌లది.

ఇక ఆపరేషన్ థియేటర్ వైపు కథ. 1951 ప్రాంతంలో సక్సినైల్ కోలిన్ వాడుకలోకి వచ్చింది. గొంతులో గొట్టం వేయడానికి కండరాలను కొద్ది నిమిషాలు వదులు చేసే మందు ఇది. దీన్ని కరిగించేది రక్తరసంలోని బ్యూటిరిల్ కోలినెస్టరేజ్, మొదటి ఎంజైముకు తోబుట్టువు లాంటిది. పురుగుల మందు ఒంట్లోకి వస్తే దాని అణువులను పట్టుకుని, తాను నిరుపయోగమైపోయేది కూడా ఇదే. సక్సినైల్ కోలిన్ ఎక్కించిన కొందరు రోగులు మాత్రం నిమిషాల్లో తేరుకోక గంటల తరబడి ఊపిరి తీసుకోలేకపోయారు. ఇది వాళ్ల ఎంజైములోని వంశపారంపర్య తేడా వల్లేనని 1950ల్లో టొరంటోలో వెర్నర్ కాలో తేల్చాడు. ఫార్మకోజెనెటిక్స్ అనే శాస్త్రానికి పునాది వేసిన పరిశోధనల్లో ఇదొకటి.

ఆ తేడా అతి గాఢంగా కనిపించే చోట్లలో ఒకటి మన మధ్యనే ఉంది. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆక్సానా లాక్‌రిడ్జ్‌తో కలిసి, వైశ్యుల్లో ఈ ఎంజైము లోపానికి కారణం 307వ స్థానంలో ల్యూసిన్ బదులు ప్రోలిన్ ఉండటమేనని చూపారు. అంతకుమించి నన్ను ఆలోచింపజేసింది సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్‌తో కలిసి 2009లో చేసిన పని. ఆంధ్ర వైశ్యుల జన్యువుల్లో, కొద్దిమంది పూర్వీకుల నుంచి సమూహం పెరిగిన గుర్తు వంద తరాలకు పైబడినదని వాళ్లు అంచనా వేశారు. కులం బయటి పెళ్లికి ఒప్పుకోక 102 గోత్రాలవాళ్లు వాసవీ కన్యకతో అగ్నిప్రవేశం చేశారనే పెనుగొండ కథ, వాళ్ల కట్టుబాటు ఎంత దృఢంగా నిలిచిందో చెబుతుంది. రక్తం కూడా అదే చెబుతోంది. ఈ లోపం ఇతరుల కంటే వైశ్యుల్లో సుమారు 100 రెట్లు ఎక్కువని 2017 నాటి మరో పరిశోధన పేర్కొంది.

మేనరికాలు మానేస్తే ఇది పోతుందని కొందరంటారు. మేనరికం దగ్గరి రక్తాన్ని కలిపి ప్రమాదాన్ని పెంచే మాట నిజమే. కానీ ఇక్కడ దూరపు సంబంధం చేసుకున్నా వధూవరుల పూర్వీకులు ఆ పాత కొద్దిమందే, కాబట్టి నింద అంతా మేనరికం మీద వేయడం తప్పు. ఒక కులాన్ని వేలెత్తి చూపడం కాదా ఇది అన్నది ఇంకా బరువైన అభ్యంతరం. ఇలాంటి మూలపురుష ప్రభావం ఎన్నో భారతీయ సమూహాల్లో ఉందని 2017 నాటి ఆ పరిశోధనే చెబుతోంది. వైశ్యులది ముందుగా, బాగా చదివిన ఉదాహరణ, అంతే. పైగా ఈ లోపంతో మామూలు జీవితానికి ఏ లోటూ రాదు. సక్సినైల్ కోలిన్ వంటి ఇంజెక్షన్ ఎదురైనప్పుడే దాని ప్రమాదం బయటపడుతుంది. వెంటిలేటర్ ఉంటే ఎలాగూ గండం గడుస్తుంది కదా అనేవారికి నా జవాబు: అది పెద్ద నగరపు ధీమా. చిన్న పట్టణంలో ఆరేడు గంటల కృత్రిమ శ్వాస చిన్న విషయం కాదు, ముందే తెలిస్తే రోక్యూరోనియం వంటి వేరే మందు వాడుకోవచ్చు.

పత్తి చేనూ వైశ్య కుటుంబమూ పక్కపక్కనే ఉన్న ఈ బెల్ట్‌లో రెండు చరిత్రలు ఒక రక్తపరీక్షలో కలుస్తాయి. పురుగుల మందు అనుమానంతో వచ్చిన రోగికి రక్తరసంలోని కోలినెస్టరేజ్ చూస్తారు. పుట్టుకతోనే ఆ ఎంజైము లేని మనిషిలో అంకె విషం లేకుండానే అడుగున ఉంటుంది. ఆ ఒక్క అంకెనే నమ్మితే, తాగనివాణ్ని తాగినవాడిగా పొరబడి అట్రోపిన్ ఎక్కించే ప్రమాదం ఉంది. రెంటినీ వేరు చేసే దారి ఉంది: విషం ఎర్ర రక్తకణాల్లోని ఎసిటైల్ కోలినెస్టరేజ్‌నూ దెబ్బతీస్తుంది, వంశపారంపర్య లోపం దాన్ని తాకదు.